తిరుక్కడయూర్ షష్టిపూర్తి తర్వాత తరంగంబాడి వెళ్ళొచ్చా? పెద్దవాళ్ళతో ఇబ్బంది అవుతుందా?

కృష్ణలంక_అమ్మాయి:

అందరికీ నమస్తే. జనవరి నెలాఖర్లో మా నాన్నగారి షష్టిపూర్తి తిరుక్కడయూర్ గుళ్ళో పెట్టుకున్నాం. విజయవాడ నుంచి చెన్నై, అక్కడి నుంచి రైల్లో మయిలాడుదురై, ఆపైన టెంపో ట్రావెలర్. వచ్చేది అమ్మ, నాన్న, పిన్ని, బాబాయ్, నేను, మా ఆయన, మూడో తరగతి చదివే మా బాబు. పూజ ఉదయం పదకొండుకల్లా అయిపోతుందని గుళ్ళో అయ్యవారు ఫోన్లో చెప్పారు. తిరుగు రైలు మర్నాటి రాత్రి. మధ్యలో ఉన్న టైమ్‌తో ఏం చెయ్యాలన్నదే ఇంట్లో పెద్ద గొడవగా ఉంది.

పిన్నికి తిరునల్లార్ శనీశ్వరుడి దర్శనం కావాలి. డ్రైవరేమో అడక్కుండానే నాగూరు, వేళాంకణ్ణి కలిపి ప్యాకేజీ చెప్పేశాడు. నాకు మ్యాప్‌లో తిరుక్కడయూర్ పక్కనే కనిపించిన తరంగంబాడి మీద మనసు పడింది. సముద్రం ఒడ్డున డెన్మార్క్ వాళ్ళు కట్టిన కోట ఉందనీ, పాత వీధులు ఇంకా అలాగే ఉన్నాయనీ చదివాను. ఆ మాట అంటే డ్రైవర్ "అక్కడ ఏముంది మేడమ్, పది నిమిషాలు ఆపుతా, ఫొటో తీసుకుని వచ్చెయ్యండి" అన్నాడు.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాలుగు మెట్లు కనిపిస్తేనే టెన్షన్. నాన్న ఆర్టీసీలో ఈమధ్యే రిటైరయ్యారు. ఏ ఊరెళ్ళినా గోడ మీద ఏదైనా రాసి ఉంటే పూర్తిగా చదివేదాకా అక్కణ్ణుంచి కదలరు. బాబుకి సముద్రం చాలు. ఇలాంటి బ్యాచ్‌కి ఆ ఊరు పనికొస్తుందా? ఎంత నడవాలి? రాత్రి అక్కడే ఉండడం మంచిదా, లేక చూసేసి మయిలాడుదురై వెళ్ళిపోవాలా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.


గరుడవేగం:

మీ డ్రైవర్ చెప్పింది అబద్ధమేం కాదండి. మేం కుంభకోణం చుట్టూ నవగ్రహ గుళ్ళు తిరుగుతూ దారిలో ఉంది కదా అని ఆగాం. ఒక చిన్న కోట, లోపల మ్యూజియం పేరుతో కొన్ని గదులు, ఎదురుగా ఎండలో మాడుతున్న ఇసుక. నీడ లేదు, కూర్చునే చోటు లేదు, మంచి టిఫిన్ దొరికే హోటల్ కూడా కనిపించలేదు. అరగంటలో మళ్ళీ కారెక్కేశాం. మహాబలిపురం లాంటిది ఊహించుకుని వెళ్తే నీరసం వస్తుంది. పెద్దవాళ్ళున్నారు కాబట్టి తిరునల్లార్, తిరువెంకాడు చూసుకోండి. పుణ్యం, పురుషార్థం రెండూ దక్కుతాయి.


బ్రాంచి_మేనేజరు:

అమ్మాయ్, కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను, టీ పెట్టుకుని చదువు.

మాది రాజమండ్రి. బ్యాంకు ఉద్యోగంలో కారైకాల్ బదిలీ అయినప్పుడు సాయంత్రాలు గడవక నానా అవస్థా పడ్డాను. గోదావరి గట్టు అలవాటైనవాడికి గట్టు లేని ఊరు ఊపిరాడదు. అప్పుడు ఒక తోటి ఉద్యోగి స్కూటర్ మీద తరంగంబాడి తీసుకెళ్ళాడు. పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ తర్వాత నా ఆదివారాలు చాలావరకు అక్కడే గడిచాయి. కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

గరుడవేగం గారికి అరగంటలో అయిపోయిందంటే నమ్ముతాను. మిట్టమధ్యాహ్నం కోట ముందు కారాపుకుని, లోపల ఒక చుట్టు చుట్టి వచ్చేస్తే నాకైనా అంతే పడుతుంది. అందరూ చేసే పొరపాటు అదే. అక్కడ చూడాల్సింది కోట ఒక్కటే కాదు, ఊరు. కారు ఊరి బయటి ద్వారం దగ్గరే దిగి నడవాలి.

హైవే మీంచి సముద్రం వైపు తిరగ్గానే తెల్లటి ద్వారం కనిపిస్తుంది, పైన డెన్మార్క్ రాజముద్ర ఉంటుంది. ఇప్పుడున్న ద్వారం 1792 నాటిది. ఒకప్పుడు ఊరి చుట్టూ గోడ ఉండేది, ద్వారం దాటితేనే ఊరు. అక్కణ్ణుంచి కింగ్ స్ట్రీట్ తిన్నగా సముద్రం దాకా వెళ్తుంది. మామూలుగా నడిస్తే పది నిమిషాల దారి. మీ నాన్నగారితో అయితే గంటన్నర అనుకో, ఎందుకంటే అడుగడుక్కీ చదవడానికి ఏదో ఒకటి ఉంటుంది. వీధి చదునుగా ఉంటుంది, వాహనాల రద్దీ తక్కువ, అమ్మగారు మెల్లగా నడవొచ్చు. డేన్లు 1671లో గీయించిన ఊరి పటం ఒకటుంది. అందులోని వీధులు చాలావరకు ఈ రోజుకీ అక్కడే ఉన్నాయి. మన ఊళ్ళలో పదేళ్ళ కిందటి వీధే గుర్తుపట్టలేం.

ఇక కథ. 1620లో ఓవె గెడ్డె అనే డెన్మార్క్ నౌకాధికారి ఇక్కడ దిగాడు. పాతికేళ్ళు దాటీ దాటని కుర్రాడు. ముందు సింహళంలో కాలు పెట్టాలని చూశాడు, కుదరలేదు. తర్వాత తంజావూరు రాజుతో ఒప్పందం చేసుకుని ఈ పల్లెలో కోట కట్టుకున్నాడు. కావలసింది మిరియాల వ్యాపారం. ఆ తంజావూరు రాజు ఎవరనుకున్నావ్? మన రఘునాథ నాయకుడే, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కి ఆయన బంగారు రేకు మీద రాయించి పంపిన ఉత్తరం ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది. తమిళ దేశంలో తెలుగు రాజు డెన్మార్క్ వాళ్ళకి చోటిస్తే పుట్టిన ఊరన్నమాట. ఈ సంగతి చెబితే నాన్నగారు టెంపో దిగడానికి ఇంకెవరూ బతిమాలక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన కథ దాని తర్వాతది. 1639 తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళపాటు డెన్మార్క్ నుంచి ఒక్క ఓడ కూడా రాలేదు. అక్కడ యుద్ధాలు, అప్పులు. 1650లో కంపెనీనే మూసేశారు. ఇక్కడ కోటలో ఉన్నవాళ్ళు మాత్రం జెండా దించలేదు. చివరికి మిగిలిన కొద్దిమందికి కొంగ్స్‌బక్కె అనే ఒక సాదాసీదా మనిషి పెద్దగా నిలబడి కోటని కాపాడుకొచ్చాడు. 1669లో ఓడ వచ్చింది. హెడాఫీసు నుంచి ముప్పై ఏళ్ళు ఒక్క సర్క్యులర్ కూడా రాని బ్రాంచిని నడిపిన మేనేజరు ఆయన. బ్యాంకు ఉద్యోగిగా నా ఓటు గవర్నర్లెవరికీ కాదు, ఈయనకే.

ఆఖరికి 1845లో తరంగంబాడినీ, బెంగాల్లోని శ్రీరాంపూర్‌నీ కలిపి డేన్లు ఇంగ్లీషువాళ్ళకి పన్నెండున్నర లక్షల రూపాయలకి అమ్మేశారు. తర్వాత 1860ల మొదట్లో రైలు నాగపట్నానికి వచ్చింది, వ్యాపారం అటు పోయింది. ఇక్కడ డబ్బు తిరగలేదు కాబట్టే పాత ఇళ్ళు కూలగొట్టి కొత్తవి కట్టే తాహతు ఎవరికీ లేకపోయింది. ఊరు మిగిలింది అందుకేనని నా అనుమానం.

కోట గురించి కూడా రెండు ముక్కలు. పేరు డాన్స్‌బోర్గ్. కింది అంతస్తులో సామాన్ల గిడ్డంగులు, వంటిల్లు, సారా నిల్వ చేసే గదులు, ఖైదు కొట్లు ఉండేవి. పై అంతస్తు గవర్నరుకీ, మతగురువులకీ. మ్యూజియంలో డేన్ల నాణేలు, పింగాణీ, పాత పత్రాలు ఉంటాయి. గొప్ప మ్యూజియమేం కాదు. కానీ పైకెక్కి సముద్రం వైపు నిలబడితే గాలికి మాట వినపడదు. పైకి మెట్లే ఉన్నాయి, లిఫ్టు లాంటిదేం లేదు. అమ్మగారు కిందే ముంగిట్లో కూర్చోవచ్చు, నష్టం లేదు.

సముద్రం ఒడ్డునే ఉత్తరంగా నడిస్తే మాసిలామణినాథర్ గుడి. 1306లో మారవర్మన్ కులశేఖర పాండ్యుడు కట్టించాడు. ముందు భాగం ఎప్పుడో అలలు పట్టుకుపోయాయి, మిగిలిన దాన్ని బాగు చేశారు. పిన్నిగారికి శివదర్శనం కూడా అయిపోతుంది.

ఒక విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి. బాబుని నీళ్ళలోకి దింపొద్దు. ఒడ్డున పెద్ద పెద్ద రాళ్ళు పేర్చి ఉంటాయి, అలల లాగుడు ఎక్కువ. పాదాలు తడుపుకుంటే చాలు. 2004 సునామీలో ఈ తీరం ఎంత నష్టపోయిందో అక్కడి జాలరి పేటలో ఎవరినడిగినా చెప్తారు. అదే పేటలో వలలు బాగుచేసుకునేవాళ్ళ దగ్గరికి పోయి మొహం మీద కెమెరా పెట్టకండి, అడిగి తీసుకోండి.

ఇంకోటి. ఇక్కడి గాలిలో ఓజోన్ ఎక్కువ, ఆరోగ్యానికి మంచిది అని చాలామంది చెప్తారు. ఓజోన్ ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తులకి చెరుపే. గాలి బాగుంటుంది, హాయిగా పీల్చుకోండి, దానికి సైన్సు అక్కర్లేదు.


అచ్చు_గుమాస్తా:

మేనేజరు గారు కింగ్ స్ట్రీట్ మీద చర్చిల సంగతి వదిలేశారు. నేను లైబ్రరీలో పనిచేసేవాణ్ణి, నాకు తరంగంబాడి అంటే కోట కన్నా ముందు అచ్చుయంత్రం గుర్తొస్తుంది.

1706 జూలైలో డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడెరిక్ పంపగా ఇద్దరు జర్మన్ మతప్రచారకులు ఇక్కడ దిగారు. వాళ్ళలో జీగెన్‌బాల్గ్ అనే ఆయన చిన్నపిల్లల బడిలో పిల్లల పక్కనే కూర్చుని ఇసుకలో వేలితో రాస్తూ తమిళం నేర్చుకున్నాడు. మీ బాబుకి ఈ ముక్క చెప్పండి, అక్కడే ఇసుక ఉంది కాబట్టి వాడూ కాసేపు తెలుగు అక్షరాలు దిద్దుతాడు. తమాషా ఏమిటంటే, ఆయన్ని జైల్లో పెట్టింది పరాయివాళ్ళు కాదు, కోటలోని డేనిష్ గవర్నరే. మతప్రచారం వల్ల వ్యాపారానికి ఇబ్బంది అనుకున్నాడు. 1708–09లో నాలుగు నెలలు ఆ కోటలోనే ఖైదు. కింది గదులు చూసేటప్పుడు గుర్తు పెట్టుకోండి.

తర్వాత అచ్చుయంత్రం తెప్పించి, తమిళ కొత్త నిబంధన 1715కల్లా ఇక్కడ అచ్చు వేశారు. కాగితం చాలక పక్కనే పొరయార్‌లో కాగితం మిల్లు కూడా పెట్టారు. ఆయన 1718లో కట్టించిన న్యూ జెరూసలేం చర్చి ఆ వీధిలోనే ఉంది, ముందుగోడ మీద రాజుగారి కిరీటం గుర్తు చూడండి. మరుసటి ఏడే చనిపోయాడు, సమాధి ఆ చర్చి లోపలే. అదే వీధిలో ఇంకా పాతది జయాన్ చర్చి, 1701 నాటిది. ఆదివారం కాకపోతే తలుపు వేసి ఉన్నా అడిగితే తీసి చూపిస్తారు, నాకైతే చూపించారు.

మనకి సంబంధించిన సంగతి ఇంకోటుంది. జీగెన్‌బాల్గ్ పోయిన ఏడు, అంటే 1719లో, బెంజమిన్ షుల్జ్ అనే మరో జర్మన్ ఈ ఊరొచ్చాడు. కొన్నేళ్ళ తర్వాత మద్రాసు వెళ్ళి అక్కడ తెలుగు నేర్చుకున్నాడు, వ్యాకరణం కూడా రాసుకున్నాడు. స్వదేశం వెళ్ళాక 1746–47లో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు అక్షరాలు పోతపోయించి చిన్న చిన్న మతపుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాలు అవే. అవి తరంగంబాడిలో అచ్చయినవి కావు కాబట్టి వాటి కోసం అక్కడ వెతక్కండి. కానీ ఆ మనిషి మన దేశంలో పని మొదలుపెట్టింది ఈ ఊళ్ళోనే.


గరుడవేగం:

ఇదంతా బాగుంది గానీ, ఇద్దరూ పుస్తకాలు చదివిన కళ్ళతో చూస్తున్నారు. ఆవిడ తీసుకెళ్తున్నది ఏడుగురిని. అందులో మోకాళ్ళ నొప్పులు ఒకరికి, శనీశ్వరుడి దర్శనం ఒకరికి. కొంగ్స్‌బక్కె ఎవడైతే మా అమ్మకేంటి అనే ప్రశ్న వస్తుంది, ఆ ఎండలో తప్పకుండా వస్తుంది.


సాంబారు_అక్క:

ఆయన అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. మా అత్తగారు, మామగారి షష్టిపూర్తి కూడా తిరుక్కడయూర్‌లోనే చేశాం కాబట్టి తరంగంబాడి కన్నా ముందు ఆ రోజు ఎలా ఉంటుందో చెప్తాను. అది తెలియకుండా మధ్యాహ్నం ప్లాన్లు వేసుకోకూడదు.

ఆ గుళ్ళో ఒకే రోజు బోలెడు జంటలకి పూజలు జరుగుతాయి. అరవై నిండినవాళ్ళు, భీమరథ శాంతి చేసుకునే డెబ్భై ఏళ్ళవాళ్ళు, సహస్రచంద్ర దర్శనం వాళ్ళు, అందరూ పక్కపక్కనే. మార్కండేయుణ్ణి యముడి నుంచి శివుడు కాపాడిన చోటు అంటారు కాబట్టి ఆయుష్షు కోసం అంతా అక్కడికే వస్తారు. హోమం పొగ, నాదస్వరం, ఫొటోగ్రాఫర్ల కేకలు. బాగుంటుంది కానీ పెద్దవాళ్ళు తెల్లవారుజామున లేచి ఉంటారు. కలశాల నీళ్ళు నెత్తిన పోస్తారు, పట్టుచీర, పట్టుపంచె తడిసి ముద్దవుతాయి. పొడి బట్టలు, తువ్వాలు ఒక సంచిలో విడిగా పెట్టుకోండి, లగేజీ అడుగున పెడితే వెతుక్కోలేరు. మళ్ళీ మంగళసూత్రం కట్టే టైమ్‌కి అందరికీ ఏడుపొస్తుంది, అది వేరే సంగతి.

పూజ అవ్వగానే నేరుగా ఎక్కడికీ బయలుదేరొద్దు. తిరుక్కడయూర్‌లోనే భోజనం చేసి, రూములో రెండు మూడు గంటలు పడుకోనివ్వండి. భోజనం అక్కడే అని ఎందుకంటున్నానంటే గుడి చుట్టూ శాకాహారం బాగా దొరుకుతుంది, తరంగంబాడిలో అంత సులువు కాదు. ఆ తర్వాత ఎండ తగ్గాక వెళ్తే గరుడవేగం గారి సమస్య కూడా ఉండదు. ఎనిమిది కిలోమీటర్ల లోపే కదా. మా మామగారు అక్కడి సముద్రపు గాలికి కూర్చుని అరగంట కునుకు తీశారు, మొత్తం ట్రిప్పులో అదే బాగుందన్నారు.


కృష్ణలంక_అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. మేనేజరు గారి పోస్టు నాన్నకి చదివి వినిపించాను. రఘునాథ నాయకుడి దగ్గర ఆపేసి "తిరునల్లార్ తర్వాత చూద్దాంలే" అన్నారు. పిన్ని అలిగింది. మీరే తగువు పెట్టారు, మీరే తీర్చాలి.

పూజ గురువారం. తిరుగు రైలు శుక్రవారం రాత్రి. నేను అనుకున్నదేంటంటే, గురువారం మధ్యాహ్నం రెస్టు తీసుకుని తిరునల్లార్ వెళ్ళొచ్చి తిరుక్కడయూర్‌లోనే పడుకుని, శుక్రవారం పొద్దున్నే తరంగంబాడికి బయలుదేరి మధ్యాహ్నం దాకా తీరిగ్గా చూడడం. ఇది ఓకేనా? రాత్రి తరంగంబాడిలోనే ఉండాలా అన్నదానికి ఎవరూ చెప్పలేదు. పాత కలెక్టర్ బంగళాని హోటల్‌గా మార్చారట, ఫొటోల్లో బాగుంది కానీ ఏడుగురికి బడ్జెట్ చూసుకోవాలి.


అచ్చు_గుమాస్తా:

శుక్రవారమా? తమిళనాడులో ప్రభుత్వ మ్యూజియాలకి శుక్రవారం సెలవు. ఆ కోట కూడా అంతే. నాన్నగారు గేటు మీద బోర్డు ఒక్కటే చదువుకుని రావాల్సి వస్తుంది.


బ్రాంచి_మేనేజరు:

గుమాస్తా గారు మంచి టైమ్‌కి చెప్పారు. వారం తెలియకుండానే నేను అంత పురాణం రాశాను.

అయితే ప్లాన్ తిరగెయ్యి. గురువారం మధ్యాహ్నం పెద్దవాళ్ళు పడుకుని లేచాక, మూడింటికల్లా తిరుక్కడయూర్ నుంచి కదలండి. నాలుగు లోపే కోట లోపల ఉండాలి, ఐదు దాటితే టికెట్ ఇవ్వకపోవచ్చు. ముందు కోట, తర్వాత వీధి. అంటే నేను చెప్పిన దారిని వెనక్కి నడుస్తారు. డ్రైవర్ మిమ్మల్ని కోట దగ్గర దింపి, బండి తీసుకెళ్ళి ఊరి ద్వారం బయట ఆగాలి. ఇది బయలుదేరకముందే చెప్పు. లేకపోతే అతను కోట దగ్గరే సీటు వెనక్కి వాల్చి పడుకుంటాడు, మీరు అమ్మగారిని మళ్ళీ అంత దూరం నడిపించాలి.

రాత్రి ఉండడం గురించి. బడ్జెట్ ఉంటే ఆ పాత బంగళాలు బాగుంటాయి, సముద్రం ఎదురుగానే. కానీ గదులు కొద్ది, జనవరిలో ముందే నిండిపోతాయి. వాతావరణం బాగుండేదీ అప్పుడే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు. ఏడుగురికీ ఒకేచోట దొరక్కపోతే తిరుక్కడయూర్‌లోనే పడుకోండి. షష్టిపూర్తుల పుణ్యమా అని ఆ ఊళ్ళో లాడ్జీలకి కొదవ లేదు. ఎనిమిది కిలోమీటర్లకి హోటల్ మారి, పెట్టెలు దింపి ఎక్కించే శ్రమ పెద్దవాళ్ళకి ఎందుకు? నిజానికి తరంగంబాడిలో ఒక రాత్రి నిద్ర చెయ్యాలన్నది నాలాంటి ఒంటరి మనిషికి చెప్పే సలహా. నీ బ్యాచ్‌కి కాదు.

బదులుగా ఒక పని చెయ్యొచ్చు. శుక్రవారం తెల్లవారుజామున నువ్వూ, మీ ఆయనా, నాన్నగారూ, బాబూ, ఎవరికి ఓపికుంటే వాళ్ళు, ఇంకోసారి వెళ్ళి రండి. కోట మూసి ఉన్నా సముద్రానికి సెలవు లేదు. ఆరున్నర ప్రాంతంలో సూర్యోదయం, సరిగ్గా నీళ్ళ మీంచే. మాసిలామణినాథర్ గుడీ, చర్చిలూ అప్పుడు పెట్టుకోండి. తొమ్మిదికల్లా వెనక్కొచ్చి టిఫిన్ చేసి అందరూ కలిసి తిరునల్లార్ బయలుదేరండి. కారైకాల్ మీదుగానే దారి. శనివారం ఆ గుళ్ళో కాలు పెట్టే చోటుండదు, శుక్రవారం చాలా నయం. ఈ ఒక్క ముక్క చెబితే పిన్నిగారి అలక తీరుతుంది: మీ కోసమే శనివారం రద్దీ తప్పించాం అని. దర్శనం అయ్యాక భోజనం చేసుకుని మయిలాడుదురై చేరినా రాత్రి రైలుకి బోలెడు టైమ్ ఉంటుంది.

వేళాంకణ్ణి, నాగూరు ప్యాకేజీ మాత్రం ఒప్పుకోవద్దు. అవి చూడదగ్గవే. కానీ తరంగంబాడి నుంచి వేళాంకణ్ణి పోనూ రానూ తొంభై కిలోమీటర్లు, మధ్యలో కారైకాల్, నాగపట్నం ట్రాఫిక్. ఈ ట్రిప్పులో అది పెట్టుకుంటే అన్నిచోట్లా పది నిమిషాల ఫొటోలే మిగుల్తాయి.


కృష్ణలంక_అమ్మాయి:

పిన్ని ఒప్పుకుంది! శనివారం రద్దీ మాట బాగా పనిచేసింది. తిరుక్కడయూర్‌లోనే రెండు రాత్రులు రూములు బుక్ చేసేశాను. నాన్న ఇప్పుడు కొత్తగా అడుగుతున్నది, కారైకాల్ ఫ్రెంచివాళ్ళది, తరంగంబాడి డేన్లది, నాగపట్నం డచ్చివాళ్ళది, ఇంత దగ్గర దగ్గరగా వీళ్ళందరూ కొట్టుకోకుండా ఎలా ఉన్నారని. ఆఖరిగా ఒక చిన్న డౌట్, కోట పైకి అమ్మ అసలు ఎక్కలేరా, చేతికర్ర ఉంటే?


బ్రాంచి_మేనేజరు:

కొట్టుకోకుండా ఏం లేరు. నాన్నగారికి చెప్పు, 1808 నుంచి 1815 దాకా తరంగంబాడి ఇంగ్లీషువాళ్ళ చేతిలోనే ఉంది, యూరప్‌లో వాళ్ళకీ డేన్లకీ యుద్ధం వచ్చినందుకు. అక్కడి గొడవకి ఇక్కడ జెండా మారింది. నాగపట్నం అంతకుముందే 1781లో డచ్చివాళ్ళ చేతుల్లోంచి పోయింది. కారైకాల్ మాత్రం 1954 దాకా ఫ్రెంచివాళ్ళదే. ఇప్పటికీ తరంగంబాడి దాటగానే తమిళనాడు ఆగిపోయి పుదుచ్చేరి మొదలవుతుంది. తిరునల్లార్ వెళ్ళేటప్పుడు ఆ సరిహద్దు దాటతారు, కిటికీ పక్క సీటు ఆయనకి ఇవ్వు. అన్నట్టు టెంపో ట్రావెలర్‌కి పుదుచ్చేరి పర్మిట్ ఉందో లేదో డ్రైవర్‌ని ముందే అడుగు, చెక్‌పోస్టు దగ్గర చెల్లించే డబ్బు ఎవరిదో కూడా ఇప్పుడే తేల్చుకో.

అమ్మగారి విషయం. చేతికర్రతో, పక్కన ఒకరు పట్టుకుంటే ఎక్కగలరు, కానీ దిగడం కష్టం. మోకాళ్ళకి దిగడమే కదా పరీక్ష. పొద్దున్న పూజలో కూర్చుని లేచి ఉంటారు కూడా. నేనైతే ఎక్కించను. బాబుని కింద ఆవిడకి తోడుగా కూర్చోబెట్టి మీరు ముందు ఎక్కి రండి, తర్వాత మీ ఆయన బాబుని తీసుకెళ్తాడు. ఒక మడత కుర్చీ బండిలో వేసుకోండి, కోట ముందు మైదానంలో కూడా పనికొస్తుంది.